దారే బడి, తండాయే గురువు

ఈ మధ్య పట్టణాల్లో కొన్ని కుటుంబాలు పిల్లల్ని బడి మాన్పించి, ఒక వ్యాన్‌లో సామాను సర్దుకొని దేశమంతా తిరుగుతున్నాయి. దారిలోనే తల్లిదండ్రులు పిల్లలకు చదువు చెబుతున్నారు. గుడి చూస్తే చరిత్ర, నది చూస్తే భూగోళం, సంతకు వెళ్తే లెక్కలు అంటున్నారు. దీన్ని కొత్త ఆలోచనగా చెప్పుకుంటున్నారు. వాళ్ల మీద మాకు ఫిర్యాదు లేదు. కానీ మన తండా బిడ్డలకు ఒక మాట తెలియాలి. కుటుంబమంతా కలిసి నడుస్తూ, నడకలోనే పిల్లలకు బతుకు నేర్పిన జాతి మనది. ఒకటి రెండేళ్లు కాదు, కొన్ని వందల ఏళ్లు అలా నేర్పింది.

ఆ చదువు ఎలా సాగింది, అందులో ఏముంది, ఏం లేదు, ఎందుకు ఆగిపోయింది, దాని స్థానంలో ఏం వచ్చింది అన్నది ఈ వ్యాసంలో చెప్పుకుందాం. పెద్దల గొప్పలు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడానికి ఇది రాయడం లేదు. ఈ రోజుకీ మన తండాల నుంచి పిల్లలు తల్లిదండ్రుల వెంట వలస పోతున్నారు. వాళ్ల చదువు సంగతి తేలాలంటే ముందు మన చరిత్ర సంగతి తేలాలి.

లదెణి కాలం

ఎద్దుల మీద సరుకు వేసుకొని ఊళ్ల మీదుగా సాగే వ్యాపారాన్ని మన పెద్దలు లదెణి అన్నారు. బండి దారులు సరిగా లేని రోజుల్లో దక్కన్ కొండల మీదుగా, అడవుల గుండా ధాన్యం, ఉప్పు, పప్పులు, బెల్లం, నూలు చేరాలంటే ఎద్దు వీపే ఆధారం. సముద్రతీరం నుంచి ఉప్పు పైకి వచ్చేది, పైనుంచి ధాన్యం కిందికి పోయేది. మనకు లంబాడీ అన్న పేరు ఉప్పుకు వాడే లవణం అన్న మాట నుంచి వచ్చిందని కొందరు చెబుతారు. పేరు సంగతి ఎలా ఉన్నా, ఉప్పు మన పూర్వీకుల ముఖ్యమైన సరుకన్నది మాత్రం నిజం.

ఈ సంగతి మన పాటల్లోనే కాదు, పరాయి వాళ్ల రాతల్లోనూ ఉంది. 1632లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి పీటర్ మండీ ఆగ్రా నుంచి పట్నా వెళ్తూ దారిలో ఒక తండాను చూశాడు. ధాన్యం మోస్తున్న 14,000 ఎద్దులు అందులో ఉన్నాయని రాసుకున్నాడు. ఆ ఎద్దులు వాళ్లవేనని, భార్యాపిల్లలను, ఇంటి సామానంతటినీ వెంట పెట్టుకొనే తిరుగుతారని, ఒక్కో తండాలో ఎన్నో కుటుంబాలు ఉంటాయని, రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవరని కూడా రాశాడు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడా అదే శతాబ్దంలో పది పన్నెండు వేల ఎద్దుల బిడారుల గురించి రాశాడు.

మండీ రాసిన ఆ ఒక్క మాట గట్టిగా పట్టుకోవాలి: భార్యాపిల్లలను వెంట పెట్టుకొనే తిరుగుతారు. చాలా వర్తక కులాల్లో మగవాళ్లు దేశాలు తిరిగితే ఆడవాళ్లు, పిల్లలు ఇంటి దగ్గర ఉండేవారు. మనకు వెనక ఇల్లు లేదు. తండాయే ఇల్లు. అది నడిస్తే ఇల్లు నడిచినట్టు, ఆగితే ఇల్లు ఆగినట్టు. కాబట్టి పిల్లల చదువు కూడా నడుస్తూనే సాగాలి.

మొగల్ సైన్యాలు దక్కన్‌కు దిగినప్పుడు వాటికి ధాన్యం అందించింది బంజారా బిడారులే. 1791-92లో కారన్‌వాలిస్ శ్రీరంగపట్నం మీదికి వెళ్లినప్పుడు, 1803లో ఆర్థర్ వెల్లెస్లీ మరాఠాలతో పోరాడినప్పుడు కూడా సైన్యాల తిండి చాలామటుకు మన బిడారుల మీదే ఆధారపడింది. రాజులు మారారు, జెండాలు మారాయి. ధాన్యం మోసిన ఎద్దు, దాని పక్కన నడిచిన కుటుంబం మారలేదు. 1675లో ఢిల్లీలో గురు తేగ్ బహదూర్ శిరచ్ఛేదం జరిగాక, ఆయన మొండేన్ని లఖీ షా వంజారా తన బండ్ల మధ్య దాచి తెచ్చి, తన ఇంటికే నిప్పు పెట్టి అంత్యక్రియలు జరిపాడని సిక్కుల సంప్రదాయం చెబుతుంది. ఆ చోటే ఇప్పుడు గురుద్వారా రకాబ్ గంజ్ సాహిబ్ ఉంది. రాజధాని నడిబొడ్డున, రాజు కన్నుగప్పి అంత పని చేయాలంటే దారుల జ్ఞానం కావాలి, మనుషుల నమ్మకం కావాలి. రెండూ బిడారు బతుకే నేర్పింది.

ఆ బడిలో పాఠాలు

దారి బడికి గంట లేదు, పుస్తకం లేదు, సెలవు లేదు. అయినా పాఠాల వరస మాత్రం ఉంది. వయసును బట్టి పని, పనిని బట్టి చదువు.

నడవలేని పసివాళ్లు గోనెల మీద కూర్చొని ప్రయాణం చేసేవారు. కాస్త కాళ్లు వచ్చాక దూడల వెంట నడక. ఆ తర్వాత ఎద్దుల కాపలా. ఎద్దును నడకను బట్టి, కొమ్మును బట్టి, మచ్చను బట్టి గుర్తుపట్టడం మొదటి పాఠం. వేల పశువులున్న మందలో మన ఇంటి ఎద్దు ఏదో, పక్క ఇంటి ఎద్దు ఏదో తెలియని పిల్లవాడికి పని అప్పగించరు. వీపు మీద పుండు పడిందా, గిట్ట అరిగిందా, మేత సయించడం లేదా అని చూడటం రెండో పాఠం. ఇవాళ పశువైద్యం అంటున్న దాంట్లో మొదటి అధ్యాయాలు అవే కదా.

మూడోది భూగోళం. ఏ కొండ దాటితే ఏ వాగు, ఏ నెలలో ఏ చెరువులో నీళ్లుంటాయి, ఏ కనుమలో మేత దొరుకుతుంది, ఏ రేవు దగ్గర సుంకం అడుగుతారు అన్నవి పటం లేకుండానే గుర్తుంచుకోవాలి. వానాకాలంలో బిడారు ఒకచోట ఆగేది. నల్లరేగడిలో బరువుతో ఎద్దులు నడవలేవు. ఆ నాలుగు నెలలు పిల్లలకు ఆటపాటలు, కుట్టుపని, కథలు. వానలు వెనకపడ్డాక మళ్లీ కదలడం. ఋతువును బట్టే ఏడాది పాఠ్యప్రణాళిక నడిచేది.

నాలుగోది లెక్కలు. ఒక ఎద్దు క్వింటాలుకు పైగా మోస్తుంది. గోనె రెండు వైపులా సమంగా తూగాలి, లేకపోతే ఎద్దు వీపు చెడిపోతుంది. సమానం అంటే ఏమిటో బల్ల మీద రాసి నేర్పలేదు. బరువు ఒకవైపు ఒరిగితే ఎద్దు ఆగిపోయేది. అంతటితో పాఠం తలకెక్కేది. ఇన్ని ఎద్దులు, ఇన్ని గోనెలు, ఇన్ని శేర్లు, ఇక్కడ కొన్న ధర, అక్కడ అమ్మిన ధర, దారి ఖర్చు, సుంకం పోను మిగిలింది ఎంత? ఇదంతా నోటి లెక్కే. ఊరూరికీ కొలత మారేది. ఒకచోటి మణుగు ఇంకోచోటి మణుగు ఒకటి కాదు. కొలతలు మార్చి చూసుకోవడం రాకపోతే నష్టం ఖాయం.

అయిదోది భాష. మన గోర్‌బోలి రాజస్థానీ భాషల కుటుంబానికి చెందినది. వందల మైళ్లు దక్షిణానికి వచ్చి, తెలుగు, కన్నడ, మరాఠీ భాషల మధ్య ఉండి కూడా అది చెక్కుచెదరలేదు. మహబూబాబాద్ తండా మనిషి, విజయపుర తండా మనిషి, యవత్మాల్ తండా మనిషి కలిస్తే ఈ రోజుకీ ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది. ఇది ఏ పాఠశాల కాపాడిన భాష కాదు. యాడి ఒడిలో కాపాడిన భాష. అదే పిల్లవాడు సంతలో తెలుగు మాట్లాడేవాడు, ఇంకో సంతలో మరాఠీ మాట్లాడేవాడు. ఇంట్లో ఒక భాష, బజారులో మూడు భాషలు అన్నది మనకు మామూలు విషయం.

ఆరోది చరిత్ర. అది రాతలో లేదు, గొంతులో ఉంది. గోత్రాలు, వంశాలు, ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నది భాట్లు, ఢాడీలు పాడేవారు. రాథోడ్, పమార్, చౌహాన్, జాదవ్ వంశాల వరస పిల్లలకు పాటగానే వచ్చేది. ఏ గోత్రం వాళ్లు అన్నదమ్ముల వరసో, ఎవరింట్లో పిల్లనివ్వకూడదో తెలియడానికి ఆ పాటే పుస్తకం. హోళీకి లెంగి పాటలు, పెళ్లికి ఢావ్లో, తీజ్ పండుగలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు చూసుకోవడం. ఆ బుట్ట పక్కన కూర్చున్న పిల్లకు విత్తనం, నీరు, వెలుతురు సంగతి ఎవరు వేరే చెప్పాలి?

ఇక ఆడపిల్లల కుట్టు. పేటియా, కాంచళి, టుక్రి మీద అద్దాలు, గవ్వలు, పూసలు. ఆ కుట్టులో చతురస్రం ఉంది, త్రిభుజం ఉంది, అడ్డంగా నిలువుగా సరిపోయే వరస ఉంది. పోగులు లెక్కబెట్టకుండా ఆ వరస కుదరదు. గీత గీసుకొని కుట్టే పని కాదది, కంటితో కొలిచి కుట్టే పని. తల్లి దగ్గర కూతురు, అవ్వ దగ్గర మనవరాలు కూర్చొని నేర్చుకున్నదే.

ఏడోది న్యాయం. తగువు వస్తే నాయక్, కార్‌బారి, పెద్దలు కూర్చొని నసాబ్ నడిపేవారు. పిల్లలు చుట్టూ నిలబడి వినేవారు. ఎవరు ఎలా మాట్లాడారు, పెద్దలు ఎలా తూచారు అన్నది చెవులారా వినేవారు. బిడారు ముందు నడిచే ఎద్దుకు బరువు వేయరు, దాన్ని దేవుడి ఎద్దుగా చూస్తారు. మోసే వాటితోపాటు మోయనిదానికీ గౌరవం ఉంటుందని ఆ ఎద్దు చెప్పేది.

సంత్ సేవాలాల్ మహారాజ్ చదువు కూడా ఇదే. 1739 ఫిబ్రవరి 15న పుట్టారని మన సంప్రదాయం చెప్పే ఆయన పశువుల వెంట, బిడారు వెంట పెరిగినవారే. అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతంలోని సేవాగఢ్‌కు ఏటా భక్తులు వెళ్తారు. ఆయన చెప్పినవి చెట్టును, నీటిని, పశువును, మనిషిని కలిపి చూసే మాటలు. అవి తరగతి గది మాటలు కావు, దారి మాటలు.

ఆ చదువులో లేనిది

ఇక్కడే ఆగిపోతే ఇది పొగడ్త అవుతుంది, చరిత్ర కాదు. దారి బడికి పెద్ద లోటు ఉంది. అక్షరం లేదు.

నోటి లెక్క ఎంత గట్టిదైనా, కాగితం మీద ఉన్న లెక్క ముందు అది ఓడిపోయేది. షావుకారు దగ్గర అప్పు తీసుకున్నప్పుడు ఎంత రాశాడో మన తాతకు తెలియదు. వేలిముద్ర వేశాడు. సుంకం రసీదులో ఏముందో తెలియదు. తరువాత రోజుల్లో భూమి దున్నుకున్నప్పుడు పహాణీలో ఎవరి పేరుందో తెలియదు. జనగామ దగ్గర ధర్మాపురం తండా వాళ్లు తాము సాగు చేసుకున్న భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌తో పోరాడవలసి వచ్చింది. జాటోత్ థాను నాయక్ ఆ పోరాటంలోనే ప్రాణం ఇచ్చారు. భూమి మీద చెమట మనది, కాగితం మీద పేరు వాళ్లది. ఈ తేడా ఎంత ప్రాణాంతకమో తెలంగాణ సాయుధ పోరాటం చూపించింది.

ఇంకో లోటు ఉంది. దారి చదువు పిల్లవాడిని తండ్రి చేసే పనికే తయారు చేస్తుంది. ఆ పని ఉన్నంతకాలం అది గొప్ప చదువు. ఆ పని పోయిన రోజున ఆ చదువంతా ఒక్కసారిగా విలువ తగ్గిపోతుంది. మనకు సరిగ్గా అదే జరిగింది. ఆడపిల్లకు ఇచ్చిన చదువు కూడా ఇంటి పనికి, కుట్టుకు, పాటకే పరిమితం. నసాబ్‌లో విన్నది ఆమె, మాట్లాడింది మగవాళ్లు. ఈ మాట చెప్పడానికి మొహమాటపడనక్కర లేదు.

దారి ఎలా మూసుకుపోయింది

1853లో బొంబాయి నుంచి ఠాణాకు రైలు నడిచింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1889 నాటికి సికింద్రాబాద్, వరంగల్ మీదుగా బెజవాడకు దారి పడింది. మన ఎద్దులు రోజుకు ఆరేడు మైళ్లు నడిచేవి. రైలు ఆ దూరాన్ని గంట తిరక్కముందే దాటేది. ధాన్యం, ఉప్పు, పత్తి అన్నీ బోగీలు ఎక్కాయి. ఉప్పు మీద సర్కారు గుత్తాధికారం, పన్ను వేరే. కంకర రోడ్లు పడ్డాక ఎద్దు వీపు పోయి ఎద్దుబండి వచ్చింది. ఒక తరంలోనే లదెణి కుప్పకూలింది.

అడవులు రిజర్వు అడవులయ్యాయి. మేతకు రుసుము, దిగడానికి అనుమతి. ఎక్కడా ఆగనివ్వని రోజులు. నిన్నటిదాకా ధాన్యం తెచ్చిన తండా ఊరి జనానికి పనికొచ్చే తండా. నేడు ధాన్యం లేని తండా ఊరికి అనుమానపు తండా.

ఆ అనుమానానికి చట్టం తోడైంది. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. ముందు ఉత్తర భారతంలో, 1911 నుంచి మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. పుట్టుకతోనే మనిషిని నేరస్థుడిగా చూసిన చట్టం అది. స్థిరమైన ఇల్లు లేకుండా తిరగడమే నేరానికి గుర్తుగా భావించారు. ఆంధ్ర ప్రాంతంలో ఈ చట్టం దెబ్బ బలంగా తిన్నవారిలో మన సోదర తెగ యెరుకల వారు ముఖ్యులు. వారు కూడా ఒకప్పుడు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని కుటుంబాలతో తిరిగిన వ్యాపారులే. బాపట్ల దగ్గర స్టువర్ట్‌పురం 1913లో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్‌గా మొదలైంది. పేర్లు నమోదు, హాజరు పిలుపు, బయటికి పోవాలంటే అనుమతి చీటీ.

మన వ్యాసానికి సంబంధించిన ముఖ్యమైన సంగతి ఈ చట్టంలోనే ఉంది. 1897 సవరణ, 1911 చట్టం పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి సంస్కరణ కేంద్రాల్లో, బడుల్లో పెట్టే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చాయి. తల్లిదండ్రుల దగ్గర ఉంటే పిల్లలు నేరమే నేర్చుకుంటారన్నది వాళ్ల వాదన. అంటే ఎద్దును గుర్తుపట్టడం, దారిని గుర్తుంచుకోవడం, మూడు భాషలు మాట్లాడటం, వంశాల పాట పాడటం వాళ్ల లెక్కలో చదువే కాదు. సంచార తెగలకు సర్కారు బడి మొదటిసారి పరిచయమైన తీరు ఇది. బడి అంటే పిల్లల్ని లాక్కుపోయే చోటు అని పెద్దలు భయపడ్డారంటే దాన్ని మూర్ఖత్వం అనవద్దు. ఆ భయం వెనక ఒక చట్టం ఉంది.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటున్నారు. చట్టం పోయినా మాటల్లో ముద్ర పోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

తండాకు బడి వచ్చింది

దారి మూసుకుపోయాక మన వాళ్లు ఎక్కడికక్కడ దిగిపోయారు. కొందరు బీడు భూములు సాగు చేశారు, కొందరు పశువులు మేపారు, కొందరు కట్టెలు అమ్మారు, కూలికి పోయారు. తండా ఒకచోట నిలిచింది. నిలిచిన తండాకు బడి కావాలి.

బిడ్డ భాషలో చదువు చెప్పాలన్న ఆలోచన మన నేల మీద కొత్తది కాదు. 1943లో నిజాం ప్రభుత్వ కాలంలో హైమండార్ఫ్ చొరవతో ఆదిలాబాద్ మర్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండు పిల్లలకు గోండు గురువు, గోండీ మాటతో పాఠం. మన లంబాడీలకు అలాంటి అవకాశం ఆలస్యంగా వచ్చింది. తెలంగాణ ప్రాంతంలోని లంబాడీలకు షెడ్యూల్డు తెగల గుర్తింపే 1976 చట్టంతో వచ్చింది. ఆ తరువాతే తండాలకు గిరిజన సంక్షేమ శాఖ బడులు, హాస్టళ్లు, రిజర్వేషన్లు అందాయి. మన మొదటి తరం టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు, ఎస్సైలు చాలావరకు ఆ హాస్టళ్లలో తిని చదివినవారే. ఆ తరువాత గురుకులాలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా బోధన కార్యక్రమం కింద ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక పాఠ్యపుస్తకాలు తయారుచేశారు. వాటిలో బంజారా భాష ఒకటి.

హాస్టల్లో పనిచేసే మేము ఈ మాట గట్టిగా చెప్పగలం. హాస్టల్ లేకపోతే తండా నుంచి డిగ్రీ దాకా వచ్చినవారు ఇంతమంది ఉండేవారు కాదు. అయితే హాస్టల్ కూడా పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి దూరంగా ఉంచి చదివించే పద్ధతే. ఆ పాత చట్టానికీ దీనికీ తేడా ఒక్కటే ఉండాలి. అక్కడ తల్లిదండ్రులది చెడు అనుకున్నారు, ఇక్కడ అలా అనుకోకూడదు. అయిదో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతికి వచ్చేసరికి ఇంటికి ఫోన్ చేసి యాడితో తెలుగులో మాట్లాడుతోందంటే, నలుగురిలో గోర్‌బోలి మాట్లాడటానికి సిగ్గుపడుతోందంటే, మనం ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో తీసుకుంటున్నట్టు. చదువు రావాలి. ఇల్లు పోకూడదు.

ఇప్పటి వలస, ఇప్పటి పిల్లలు

దారి పూర్తిగా మూసుకుపోలేదు. పేరు మారింది. అప్పుడు లదెణి, ఇప్పుడు వలస.

పాలమూరు తండాల నుంచి ముంబయి, పుణెలకు, దేవరకొండ తండాల నుంచి హైదరాబాద్‌కు, అనంతపురం తండాల నుంచి గుంటూరు మిర్చి కోతలకు మన వాళ్లు పోతూనే ఉన్నారు. చెరకు కోతకు కర్ణాటక, మహారాష్ట్రలకు పోయేవారూ ఉన్నారు. చెరకు కోతలో భార్యాభర్తలను ఒక జంటగా లెక్కగట్టి అడ్వాన్సు ఇస్తారు. ఇద్దరూ పోతే పిల్లలు ఎక్కడ ఉండాలి? అవ్వతాతలు ఉంటే తండాలో, లేకపోతే చెరకు తోట గట్టు మీద. క్రషింగ్ సీజన్ సుమారుగా అక్టోబరు, నవంబరుల్లో మొదలై మార్చి, ఏప్రిల్ దాకా నడుస్తుంది. బడి జూన్ నుంచి ఏప్రిల్ దాకా. అంటే బడి ఏడాదిలో సగానికి పైగా పిల్ల గట్టు మీదే.

ఇక్కడే తేడా గమనించాలి. వ్యాన్‌లో తిరిగే కుటుంబం పిల్లవాడికి తల్లిదండ్రుల సమయం ఉంది, పుస్తకం ఉంది, ఫోన్ ఉంది, తిరిగి వచ్చాక చేర్చుకునే బడి ఉంది. లదెణి కాలపు పిల్లవాడికి అక్షరం లేకపోయినా తండా ఉంది. నేర్పే పెద్దలు వందమంది, నేర్చుకున్న దానికి విలువనిచ్చే సంత ఉంది. చెరకు గట్టు మీది పిల్లకు ఆ రెండింటిలో ఏదీ లేదు. తల్లి తెల్లవారకముందే కోతకు పోయింది. తండా లేదు, భాట్ లేడు, బడి లేదు. చెల్లిని ఎత్తుకోవడమే ఆమె చదువు. దాన్ని దారి బడి అనడం మోసం.

వలస నుంచి తిరిగి వచ్చి హాస్టల్లో చేరే పిల్లల్ని మేము చూస్తుంటాం. పన్నెండేళ్ల పిల్లవాడు కట్టలు లెక్కబెట్టి కూలి ఎంతో నోటితో చెబుతాడు. మరాఠీ, హిందీ, కొంచెం కన్నడ మాట్లాడతాడు. కానీ మూడో తరగతి తెలుగు వాచకం చదవలేడు. వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోకుండా రానిదాన్ని మాత్రమే చూపిస్తే వాడు నెల తిరక్కముందే వెళ్లిపోతాడు. వాడికి తెలిసిన కూలి లెక్క నుంచే భాగహారం మొదలుపెడితే ఉంటాడు. ఇది శిక్షణలో నేర్చుకున్న సూత్రమే, మన తాతల పద్ధతి కూడా ఇదే: తెలిసిన పనినుంచి తెలియని దానికి.

చట్టం మన వైపు కొంత ఉంది. అది తెలియకే చాలామంది నష్టపోతున్నారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఇలా చెబుతోంది. బడి మధ్యలో మానేసిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇది 4వ సెక్షన్. ఒక ఊరి నుంచి, ఒక రాష్ట్రం నుంచి ఇంకోచోటికి మారినప్పుడు టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోవడం నిరాకరించకూడదు. ఇది 5వ సెక్షన్. వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదని 9వ సెక్షన్ చెబుతోంది. వయసు ధ్రువపత్రం లేదన్న సాకుతో వెనక్కి పంపకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. తల్లిదండ్రులు వలసపోయే నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు నడిపే ఏర్పాటు సమగ్ర శిక్షలో ఉంది. బడి దాటిపోయిన వయసు వారికి ఓపెన్ స్కూల్ ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి రాయవచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ

చదువుకున్న మొదటి తరం, రెండో తరం మీరు. మీ నుంచి మేము పెద్ద పెద్ద త్యాగాలు అడగడం లేదు. చేయగలిగినవే అడుగుతున్నాం.

ఒకటి. దసరా తరువాత మీ తండాలో ఏ ఇంటి నుంచి ఎవరు వలస పోతున్నారో, ఎంతమంది పిల్లలు వెంట పోతున్నారో ఒక నోటు పుస్తకంలో రాయండి. వాళ్లు బయల్దేరక ముందే హెడ్మాస్టరు దగ్గరకు, ఎంఈఓ దగ్గరకు ఆ జాబితా తీసుకెళ్లండి. అయిదు వందల జనాభా దాటిన మన తండాలు 2018 చట్టంతో తెలంగాణలో గ్రామపంచాయతీలయ్యాయి. మన సర్పంచ్, మన వార్డు మెంబరు. 9వ సెక్షన్ బాధ్యతను వాళ్లకు గుర్తుచేయడం మీ పని.

రెండు. పిల్ల వెళ్లక తప్పకపోతే చేతిలో టీసీ, లేదా చదువుతున్నట్టు ఒక కాగితం, ఆధార్ నకలు పెట్టి పంపండి. వెళ్లిన చోట దగ్గరలోని బడి ఏదో కనుక్కొని ఫోన్‌లో తల్లిదండ్రులకు చెప్పండి. మీ చేతిలోని ఫోన్ ఆ ఒక్క పనికి వాడినా ఒక ఏడాది మిగులుతుంది.

మూడు. అవ్వ పాటను, తాత దారి జ్ఞానాన్ని రికార్డు చేయండి. ఏ వాగు పేరు ఏమిటి, ఏ చెట్టు మందు దేనికి, ఏ గోత్రం వరస ఎలా అన్నది అడగండి. రికార్డు చేసి ఊరుకోకండి, తెలుగు లిపిలో గోర్‌బోలిలో రాయండి. రాయడం మొదలుపెడితే అక్షరంతో ఏ మాట ఎలా రాయాలన్న చిక్కులు వస్తాయి. ఆ చిక్కులు విప్పడమే భాషకు సేవ.

నాలుగు. మీకు పిల్లలు పుట్టాక ఇంట్లో వాళ్లతో గోర్‌బోలి మాట్లాడండి. ఇంగ్లిష్ మీడియంలో చదివించండి, తప్పులేదు. మన తాతలు ఇంట్లో ఒక భాష, బజారులో మూడు భాషలు మాట్లాడి వ్యాపారం చేశారు. మన పిల్లల బుర్రలు వాళ్ల బుర్రల కన్నా చిన్నవేమీ కావు.

అయిదు. హాస్టల్లో చదువుతున్న చెల్లెలు సెలవులకు ఇంటికి వస్తే ఆమె చేతిలో సూది దారం పెట్టడంతోపాటు, తండా సభలో మాట్లాడే మాట కూడా ఇవ్వండి. పాత దారి బడి ఆడపిల్లకు ఇవ్వనిది ఇదే. కొత్త బడి దాన్ని ఇచ్చిందో లేదో మన తండాలోనే తేలుతుంది.

ఎద్దు వీపు మీద గోనె రెండు వైపులా సమంగా తూగాలని మన పెద్దలు పిల్లలకు నేర్పారు. ఒకవైపు అక్షరం, ఇంకోవైపు మన బోలి, మన జ్ఞానం. ఏది బరువెక్కువై ఏది తేలిపోయినా బిడ్డ నడవలేదు. రెండూ సమంగా కట్టి పంపే బాధ్యత ఇప్పుడు చదువుకున్న మన చేతుల్లో ఉంది.

జై సేవాలాల్.